పొలం ఉంది, అడంగల్ ఏది?

స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్న సభలో చేసిన ప్రసంగ పాఠం

భక్ష్యాలు, చిత్రాన్నం తిన్న గంటకే కంప్యూటర్ల మీద మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. ఇరవై నిమిషాలే అన్నారు. కునుకు పట్టిన వాళ్లను లేపను. హెడ్మాస్టర్ గారు, ఆఫీసు సిబ్బంది మాత్రం మేలుకొని ఉండాలని మనవి. నేను చెప్పబోయేది వాళ్ల గదిలో బీరువా పక్కన పెట్టిన పెట్టె గురించి.

ఆ పెట్టె ఈ స్వర్ణోత్సవానికి మన సంఘం బడికి ఇచ్చిన కానుక. చూడటానికి మామూలు సీపీయూ లాగే ఉంటుంది. లోపల నాలుగు డిస్కులు. దీన్ని నెట్‌వర్క్ స్టోరేజ్ అంటారు, పొట్టిగా నాస్. ఏ ఒక్క కంప్యూటర్‌కో తగిలించే డిస్కు కాదు. బడిలోని కంప్యూటర్లన్నీ వైరు మీదనో వైఫై మీదనో దాన్ని చేరి, ఎవరి ఫోల్డర్ వాళ్లు తెరుచుకుంటాయి. నాలుగు డిస్కుల్లో ఏ రెండు చెడిపోయినా దాచిన ఫైళ్లకు ఏమీ కాదు. ఈ మాట చెప్పగానే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ఇక భయం లేదు అనుకుంటారు. నా ప్రసంగం సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది.

ముందు ఆ పెట్టెలో ఏముందో చెప్పాలి. మనవాళ్లు వేసవి సెలవుల్లో కూర్చొని బడి అడ్మిషన్ రిజిస్టర్లన్నీ పేజీ పేజీ స్కాన్ చేశారు. కొన్నింటికి చెద పట్టింది. కొన్నింటి అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. 2009 అక్టోబరులో కర్నూలు పట్నం మునిగినప్పుడు కాగితాలు ఎట్లా ముద్దయిపోతాయో జిల్లా అంతా చూసింది. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకే నీళ్లు వచ్చాయి. కుందూ పక్కన ఊరు మనది. కాగితాన్ని నమ్ముకొని కూర్చోలేం.

ఆ రిజిస్టర్లలో ఉన్నది పాత జ్ఞాపకాలు మాత్రమే కాదు. పదో తరగతి దాకా వచ్చినవాడికి సర్టిఫికెట్ ఉంటుంది, పుట్టిన తేదీ అందులో ఉంటుంది. ఏడులోనో ఎనిమిదిలోనో మానేసి కూలికి పోయినవాడికి పుట్టిన తేదీ రాసి ఉన్న కాగితం చాలాసార్లు మన రిజిస్టరులోని ఆ ఒక్క వరస మాత్రమే. ఇంకో సంగతి. ఉద్యోగానికి స్థానికత చూపించాలంటే నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు తెమ్మంటారు. వెరిఫికేషన్‌కు రెండు రోజుల ముందు బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చి ఆఫీసు ముందు నిలబడే పిల్లల్ని ఇక్కడి గుమాస్తాలు ప్రతి ఏడూ చూస్తారు. ఆ పిల్లలకు కావలసింది ఆ పేజీ. అదే పేజీలో కులం రాసి ఉంటుంది, తండ్రి పని రాసి ఉంటుంది, పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. అంటే అది దొరకాలి, అయితే దొరకాల్సిన వాళ్లకే దొరకాలి. ఈ రెండో మాట పెట్టెలోని డిస్కులు చూసుకునేది కాదు. అది సెట్టింగుల పని.

సెట్టింగులు అంటే ఏమిటి? ఎవరెవరికి ఈ పెట్టెలోకి రావడానికి పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి, ఎవరు ఏ ఫోల్డర్ చదవచ్చు, ఎవరు మార్చవచ్చు, పెట్టె నెట్‌వర్క్ చిరునామా ఏది, రాత్రి ఎన్ని గంటలకు నకలు తీయాలి, ఆ నకలు ఎక్కడికి పంపాలి, డిస్కు మొరాయిస్తే ఎవరికి మెయిల్ కొట్టాలి. ఇవన్నీ ఒకరు ఒక పూట కూర్చొని పెడతారు. ఆ తర్వాత అవి ఉన్నాయన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

నాకు దీనికి మన ఊళ్ల నుంచే పోలిక తోస్తుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను తీసేసింది. నా ఈడు వాళ్లకు ఆ గొడవ లీలగా గుర్తుంటుంది. మంచిచెడ్డలు వేరే చర్చ, ఇక్కడ వద్దు. పొలం మాత్రం ఎక్కడికీ పోలేదు. గట్లు ఉన్నాయి, పైరు ఉంది, కేసీ కాలువ నీళ్లు వచ్చే చోటికి వస్తూనే ఉన్నాయి. కానీ ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ కాగితం ఏ కట్టలో ఉంది, ఏ పంపకం ఎప్పుడు జరిగింది, ఇవి తెలిసిన మనిషి ఊరి లెక్కలోంచి పక్కకు తప్పుకున్నాడు. అడంగల్, ఎఫ్‌ఎంబీ లేని పొలం పొలమే, కాదనను. అది ఎవరిదో తేల్చడానికి మాత్రం మనిషి జీవితం చాలదు. డిస్కుల్లోని ఫైళ్లు పొలం. సెట్టింగులు అడంగల్. మనమందరం పొలానికి కంచె కట్టి అడంగల్‌ను అరుగు మీద వదిలేస్తాం.

ఒక ఉదాహరణ చెప్తాను. ఆళ్లగడ్డ దారిలో ఒక విద్యాసంస్థ ఉంది. పేరు చెప్పను. మంచివాళ్లు, నాకు రెండు రోజులు మజ్జిగ పోసి అన్నం పెట్టినవాళ్లు. వాళ్లు ఒక కంప్యూటర్‌లో మూడు డిస్కులు వేయించి ఫ్రీనాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నారు. ఫైళ్లు డిస్కుల మీద, సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక చిన్న పెన్ డ్రైవ్ మీద. అప్పట్లో అందరూ అట్లాగే పెట్టేవాళ్లు. ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లే పెన్ డ్రైవ్ చాలు అనేవాళ్లు. పెట్టిన అబ్బాయి ఆ తర్వాత కువైట్ వెళ్లిపోయాడు. ఒక మే నెలలో, కరెంటు పదిసార్లు పోయి పదిసార్లు వచ్చిన రోజున, పెన్ డ్రైవ్ చచ్చిపోయింది.

దగ్గరి టౌన్లో షాపు కుర్రాడిని పిలిచారు. తెలివైనవాడే. కొత్త పెన్ డ్రైవ్ పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించి డిస్కులను మళ్లీ గుర్తుపట్టించాడు. ఫైళ్లన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. అందరూ సంతోషించారు. అతనికి డబ్బులిచ్చి, టీ ఇప్పించి పంపారు. మూడో రోజు పరీక్షల విభాగం చూసే మేడమ్ నాకు ఫోన్ చేసింది. ఎవరో నా నంబర్ ఇచ్చారట.

"సార్, ఫైళ్లన్నీ కనపడ్తాండాయి. నా ఫోల్డర్ మాత్రం నాకే తెర్సుకోలేదు. లైబ్రరీ కంప్యూటర్లో చూస్తే బ్రహ్మాండంగా తెర్సుకుంటాంది!"

లైబ్రరీ కంప్యూటర్ పాస్‌వర్డ్ పిల్లలందరికీ తెలుసు. పరీక్షల ఫోల్డర్లో మార్కులున్నాయి, రాబోయే పరీక్ష ప్రశ్నపత్రాలున్నాయి.

ఏం జరిగిందంటే, ఈ పెట్టెలు డిస్కు మీద ఫైలు యజమాని పేరు రాసుకోవు. నంబరు రాసుకుంటాయి. ఫలానా ఫైలు 1003వ నంబరు మనిషిది, అంతే. 1003 అంటే ఎవరన్నది సెట్టింగుల్లో ఉంటుంది. పొలం గట్టు మీద రాయికి సర్వే నంబరు ఉంటుంది కానీ పట్టాదారు పేరు ఉండదు కదా, అట్లా. పాత లెక్క ప్రకారం అకౌంట్స్ 1001, ప్రిన్సిపాల్ ఆఫీసు 1002, పరీక్షలు 1003, లైబ్రరీ 1004. కొత్తగా పేర్లు సృష్టించిన కుర్రాడు ఇంగ్లీషు అక్షరక్రమంలో పోయాడు. అకౌంట్స్, ఎగ్జామ్స్, లైబ్రరీ, ఆఫీస్. అకౌంట్స్‌కు మళ్లీ 1001 వచ్చింది, ఆయన ఫోల్డర్ ఆయనకు తెరుచుకుంది. మొదట చూసింది ఆయనే కాబట్టి అంతా సవ్యంగా ఉందని అందరూ నమ్మారు. మిగతా ముగ్గురికీ లెక్క తారుమారైంది. లైబ్రరీకి 1003 వచ్చింది, అంటే పరీక్షల ఫైళ్లకు లైబ్రరీ యజమాని అయింది. పరీక్షల మేడమ్‌కు 1002 వచ్చింది, ప్రిన్సిపాల్ ఉత్తరాలు ఆమెవి అయ్యాయి. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో తప్పు చూపలేదు. యంత్రం దృష్టిలో అంతా సక్రమం.

నాకంటే ముందు ఆ కుర్రాడికే ఫోన్ చేశారు. అతను దూరం నుంచే, ఎవరికీ ఇబ్బంది లేకుండా, అన్ని ఫోల్డర్లూ అందరికీ తెరిచేశాడు. ఫిర్యాదులు ఆగిపోయాయి. ఈ పని మన దేశంలో ఎన్ని ఆఫీసుల్లో జరుగుతుందో నేను ఊహించగలను. గదికి తాళం పడకపోతే తలుపు ఊడదీసినట్టు.

నేను వెళ్లి చేసింది పెద్ద విద్య కాదు. పేర్లకు బదులు నంబర్లు చూపించే ఆదేశం ఒకటి ఉంటుంది. దాంతో ఏ నంబరు కింద ఏ రకం ఫైళ్లున్నాయో చూశాను. ఫీజు రశీదులున్న నంబరు అకౌంట్స్‌ది, పుస్తకాల జాబితా ఉన్నది లైబ్రరీది. నోట్‌బుక్‌లో రాసుకొని, పేర్లను తీసేసి, పాత నంబర్లతోనే మళ్లీ సృష్టించాను. కుర్రాడు తలుపులు తెరిచాడు కానీ యజమాని నంబర్లను ముట్టుకోలేదు, అది మా అదృష్టం. తర్వాత ఏ ఫోల్డర్ ఎవరు చూడవచ్చో ఒక్కొక్కరినీ అడిగి తలుపులు మళ్లీ వేశాం. దానికే ఎక్కువ సమయం పట్టింది. అంతకుముందు ఏ ఏర్పాటు ఉండేదో ఒక్కరికీ పూర్తిగా తెలియదు. ప్రశ్నపత్రాలు మార్చుకున్నారు.

ఇంకో నష్టం ఎవరూ గమనించలేదు. పాత పెట్టె రోజూ ఫైళ్ల స్నాప్‌షాట్ తీసేది. అంటే నిన్నటి స్థితికి వెనక్కి పోగల వీలు. నెలకోసారి డిస్కులను మొదటి నుంచి చివరి దాకా చదివి చూసుకునేది. డిస్కు జబ్బుపడితే మెయిల్ పంపేది. ఈ మూడూ సెట్టింగులతోపాటే పోయాయి. ఫోల్డర్ తెరుచుకోకపోతే మనిషి కేకేస్తాడు. జరగని స్నాప్‌షాట్ గురించి ఎవరూ కేకేయరు. ఇంకో ఏడాదికి ఒక డిస్కు పోయి, ఆర్నెల్లకు రెండోది పోయి, అప్పుడు తెలిసేది. నేను కుర్రాడిని తప్పుపట్టను. సెట్టింగులు వేరు, ఫైళ్లు వేరు అన్న సంగతి అతనికి పని అప్పగించినవాళ్లకూ తెలియదు, మొదట పెట్టె అమ్మినవాళ్ల రశీదులోనూ లేదు.

ఇంత గొడవను ఆపగలిగే ఫైలు ఎంత ఉంటుందనుకుంటున్నారు? ఫోన్‌లో మీరు ఇందాక తీసుకున్న గ్రూపు ఫొటో అంత కూడా ఉండకపోవచ్చు. మన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. వందల ఎకరాల్లో కనిపించే రకం కూడా అక్కడ ఒక చిన్న సంచి విత్తనంగా మొదలైందే. ఆ సంచి పోతే పొలాలన్నీ ఉండీ ఏం చేస్తాం? సెట్టింగుల ఫైలు ఆ సంచి లాంటిది.

అన్ని సెట్టింగులూ ఒకే ఫైలులో ఉండాలన్న ఆలోచన ఊరికే రాలేదు. ఫ్రీనాస్‌ను 2005లో మొదలుపెట్టింది ఒలివియే కోషార్-లాబే అనే ఫ్రెంచి ఇంజనీరు. ఆయన దాన్ని మోనోవాల్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ మీద కట్టాడు. మోనోవాల్ గొప్పతనం ఏమిటంటే దాని సెట్టింగులన్నీ ఒకే ఒక్క ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఉండేవి. ఆ ఫైలు చేతిలో ఉంటే యంత్రం మారినా పది నిమిషాల్లో అదే ఫైర్‌వాల్. తర్వాత ఫ్రీనాస్ ఐఎక్స్‌సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ చేతికి వెళ్లింది. 2011లో వచ్చిన 8వ వెర్షన్‌లో ఎక్స్‌ఎంఎల్ పోయి చిన్న డేటాబేస్ ఫైలు వచ్చింది. 2020లో పేరు ట్రూనాస్ అయింది. మన బడి పెట్టెలో ఉన్నది అదే. ఫైలు ఒక్కటే అన్న సూత్రం మాత్రం ఇప్పటికీ మారలేదు.

బడి పెట్టెలో ఈ పని ఎక్కడ చేయాలో చెప్తాను, ఆఫీసు వాళ్లు రాసుకోండి. బ్రౌజర్‌లో పెట్టె పేజీ తెరిచి సిస్టమ్, అందులో జనరల్ సెట్టింగ్స్, అందులో మేనేజ్ కాన్ఫిగరేషన్, అందులో డౌన్‌లోడ్ ఫైల్. అక్కడ ఒక చిన్న గడి ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ పాస్‌వర్డ్ సీక్రెట్ సీడ్ అని. దానికి టిక్ పెట్టాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. మెయిల్ పాస్‌వర్డ్, క్లౌడ్ తాళాలు వంటివన్నీ ఫైలులో సంకేత రూపంలో ఉంటాయి. వాటిని విప్పే తాళంచెవి ఆ సీడ్. అది లేకుండా దాచిన ఫైలును కొత్త యంత్రంలో ఎక్కిస్తే పేర్లు, ఫోల్డర్లు వస్తాయి, ఆ పాస్‌వర్డ్‌లు రావు. రాత్రి నకలు ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు. టిక్ పెట్టి దించుకుంటే టార్ అనే తోకతో ఫైలు వస్తుంది. పెట్టకపోతే డీబీ అని వస్తుంది. తోక చూసి గుర్తుపట్టవచ్చు.

ట్రూనాస్ తనంతట తానే రోజూ ఒక నకలు తీసి సిస్టమ్ డేటాసెట్ అనే మూలలో దాచుకుంటుంది. ఆ మూల మామూలుగా పెద్ద డిస్కుల మీద ఉంటుంది. నేను చెప్పిన సంస్థలో దాన్ని కూడా పెన్ డ్రైవ్ మీదే ఉంచారు. అడంగల్‌నూ దాని నకలునూ ఒకే పెట్టెలో పెట్టి ఆ పెట్టెకు నిప్పంటించినట్టయింది. మన దాంట్లో డిస్కుల మీదకు మార్చాం. సాఫ్ట్‌వేర్‌కు పెన్ డ్రైవ్ బదులు రెండు చిన్న ఎస్‌ఎస్‌డీలు పెట్టాం, ఒకటి పోతే ఇంకోటి. అయినా పెట్టె మొత్తాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే, పిడుగు పడితే, ఇవన్నీ దానితోపాటే పోతాయి.

అందుకే రెండో పెట్టె ఆళ్లగడ్డలో ఉంది. నలభై కిలోమీటర్లు దూరం, వేరే కరెంటు లైను, వేరే కప్పు. మా బ్యాచ్‌మేట్ ఒకరిది అక్కడ శిల్పాల పని. దేవుళ్ల విగ్రహాలు దేశం దాటి పోతుంటాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మీకు తెలుసు. తన కొలతల డ్రాయింగుల కోసం ఆయన సైనాలజీ కంపెనీ రెండు డిస్కుల పెట్టె కొనుక్కున్నాడు. అందులో మనకో మూల ఇచ్చాడు. మొదట శిల్పశాల వెనక గదిలో పెడతానన్నాడు. రాతి దుమ్ముకు డిస్కులు ఆర్నెల్లు కూడా బతకవు నాయనా అని చెప్పి మేడ మీద గదిలో పెట్టించాం. రోజూ రాత్రి ఇక్కడి ఫైళ్లు అక్కడికి వెళ్తాయి. శిల్పి కనుక ఆయనకు నా మాట వెంటనే అర్థమైంది. విగ్రహం విరిగితే కొలతల కాగితం ఉంటే మళ్లీ చెక్కవచ్చు, కాగితం లేకపోతే విరిగిన ముక్కలను కొలుచుకుంటూ కూర్చోవాలి అన్నాడు.

సైనాలజీ తీరు కొంచెం వేరు. దాంట్లో సాఫ్ట్‌వేర్, సెట్టింగులు లోపలి డిస్కులన్నింటి మీదా ఒక చిన్న భాగంలో నకళ్లుగా ఉంటాయి. ఒక డిస్కు పోయినా సెట్టింగులు పోవు. అయితే వెనక ఒక చిన్న రీసెట్ రంధ్రం ఉంటుంది. సూదితో నాలుగు సెకన్లు నొక్కితే ఒక బీప్, అడ్మిన్ పాస్‌వర్డ్ పోతుంది, నెట్‌వర్క్ సెట్టింగులు మొదటికొస్తాయి. ఆ బీప్ వెంటనే మళ్లీ అట్లాగే నొక్కితే సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించుకోమంటుంది. ఫైళ్లు ఉంటాయి, సెట్టింగులు పోతాయి. పిల్లలు తిరిగే చోట అట్లాంటి రంధ్రం ఊరికే ఉండదు. అందులో కంట్రోల్ ప్యానెల్, అప్‌డేట్ అండ్ రీస్టోర్, కాన్ఫిగరేషన్ బ్యాకప్. డీఎస్‌ఎస్ అనే తోకతో ఫైలు వస్తుంది. యూజర్లు, గ్రూపులు, ఫోల్డర్ల అనుమతులు అందులో ఉంటాయి. దానిమీద అదనంగా ఎక్కించుకున్న ప్యాకేజీల సెట్టింగులన్నీ ఉంటాయని మాత్రం అనుకోవద్దు. వాటికి హైపర్ బ్యాకప్ అని వేరే ఏర్పాటుంది. క్యూనాప్ పెట్టెలున్నవాళ్లకు ఇదే పని బ్యాకప్ రీస్టోర్ అన్న పేరుతో కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉంటుంది. ఏ కంపెనీదైనా ఒక నియమం సాధారణం. కొత్త వెర్షన్‌లో తీసిన ఫైలు పాత వెర్షన్‌లో ఎక్కదు. ఫైలు పేరులో తేదీతోపాటు వెర్షన్ నంబరు కూడా రాసి పెట్టుకోవాలి.

డిస్కులకు తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, వేసుకున్నవాళ్లుంటే వాళ్లకో ప్రత్యేక హెచ్చరిక. ఇంతవరకు నేను చెప్పిందల్లా సెట్టింగులు పోయినా ఫైళ్లు ఉన్న కథ. ఎన్‌క్రిప్షన్ తాళం కూడా సెట్టింగులతోపాటు పోతే ఫైళ్లూ లేనట్టే. నేనే కాదు, పెట్టె చేసిన కంపెనీ కూడా తీయలేదు. ఆ తాళంచెవిని వేరుగా దించుకొని వేరుగా దాచాలి.

ఫైలుతో పని అయిపోదు. ఒక కాగితం కూడా ఉండాలి. కంప్యూటర్ మనిషినై ఉండి కాగితం అంటున్నానని నవ్వకండి. ఏ డిస్కు ఏ అరలో ఉంది, దాని సీరియల్ నంబరు ఎంత, పెట్టె నెట్‌వర్క్ చిరునామా ఏది, ఏ యూజర్‌కు ఏ నంబరు, ఏ ఫోల్డర్‌లోకి ఎవరికి ఏ హక్కు, రాత్రి నకలు ఏ గంటకు. ఒక పేజీ చాలు. ఆ పేజీ ఉంటే ఫైలు పాడైనా, నేను లేకపోయినా, నంబర్లు ఎవరైనా మళ్లీ వేయగలరు. పాస్‌వర్డ్‌లు మాత్రం ఆ పేజీ మీద రాయకూడదు. అవి వేరే కవరులో, సీలు వేసి, హెడ్మాస్టర్ గారి బీరువాలో. హెడ్మాస్టర్ గారికి బదిలీ అయితే ఛార్జి అప్పగింత జాబితాలో ఆ కవరు కూడా ఒక అంశంగా రాయాలి. బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, కవరు. ఇది నా ప్రత్యేక విన్నపం.

ఆ సెట్టింగుల ఫైలు గురించి ఇంకో జాగ్రత్త. అందులో సీడ్ కూడా ఉంటుంది కనుక అది ఇంటి తాళాల గుత్తి లాంటిది. "అన్నా, ఆ ఫైలు గ్రూపులో పడేయ్, అందరి దగ్గరా ఉంటుంది" అని మన వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. వద్దు తమ్ముడూ. గుడ్ మార్నింగ్ ఫొటోల మధ్య దాన్ని పడేస్తే పెట్టె తాళం మూడు వందల మందికి ఇచ్చినట్టు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలుగా చేసి, ఒక నకలు ఆళ్లగడ్డ పెట్టెలో, ఒకటి సంఘం కోశాధికారి దగ్గరి పెన్ డ్రైవ్‌లో. ఇక్కడి పెట్టెలోనే పెట్టి ఊరుకుంటే ఏం లాభమో ఇందాకే చెప్పాను.

ఎప్పుడు తీయాలి? ఏదైనా మార్చిన రోజే. కొత్త టీచరుకు పేరు ఇచ్చినా, ఒక ఫోల్డర్ కలిపినా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయబోయే ముందూ, చేసిన తర్వాతా. ఏమీ మార్చకపోయినా నెలాఖరున హాజరు పట్టీ మొత్తాలు వేసే రోజున ఒకటి. ఆ పని బడిలో ఎప్పుడూ తప్పదు, దానికి దీన్ని తగిలిస్తే ఇదీ తప్పదు. పాతవి తీసేయవద్దు, పన్నెండు నెలలవైనా ఉంచాలి. తప్పుగా మార్చిన సెట్టింగు కూడా నకలులోకి శ్రద్ధగా ఎక్కుతుంది. మార్చిలో జరిగిన పొరపాటు మేలో బయటపడితే ఫిబ్రవరి ఫైలు కావాలి.

ఇవన్నీ చిన్న ఊరి గొడవలు, పెద్ద కంపెనీల్లో ఉండవు అనుకుంటే, గిట్‌ల్యాబ్ సంగతి చెప్పాలి. లోకంలోని ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సంస్థ అది. 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌ను తుడిచేశారు. వాళ్లకు 5 రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. చూస్తే ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. రోజువారీ బ్యాకప్ తీసే ప్రోగ్రాం వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు వెళ్తూనే ఉన్నాయి, వాటిపై సరైన సంతకం సెట్టింగు లేనందున అవతల సర్వర్ తిరగ్గొట్టింది. ఎవరో వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలు ఉండబట్టి బతికారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు దీన్నంతా దాచకుండా ప్రజల ముందు పెట్టారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. గమనించండి, అక్కడ కూడా డిస్కులు చెడిపోలేదు. చెడింది సెట్టింగులు.

ఇంకో రకం ప్రమాదం బయటి నుంచి వస్తుంది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ పాత మై బుక్ లైవ్ పెట్టెలను, ఇంటర్నెట్‌కు నేరుగా తగిలించి ఉన్నవాటిని, ఎవరో దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. జనం పొద్దున లేచి చూసేసరికి పెట్టెలు ఖాళీ. 2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ర్యాన్సమ్‌వేర్ పడింది, మనకు కరెంటిచ్చే ఎస్పీడీసీఎల్ కూడా అందులో ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోతే రెండు వారాల పాటు ఓపీ చీట్లు చేత్తో రాశారు. కనుక అమెరికాలో ఉన్న మన అన్నలు ఎంత అడిగినా బడి పెట్టెను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవం. మీ బ్యాచ్ ఫొటో కావాలంటే ఆఫీసుకు మెయిల్ పెట్టండి, పంపుతారు. కోపం వద్దు.

చివరిగా, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే పని. దాచిన ఫైలు పనిచేస్తుందో లేదో ఎక్కించి చూడాలి. ఎక్కించి చూడని బ్యాకప్‌కు నేను లెక్కలో సున్నా వేస్తాను. ప్రతి ఏడూ వేసవి సెలవుల్లో ఒక రోజు. ఒక పాత కంప్యూటర్ తీసుకొని, ట్రూనాస్ అదే వెర్షన్ ఎక్కించి, మన సెట్టింగుల ఫైలు అప్‌లోడ్ చేయాలి. అది తిరిగి మొదలయ్యాక యూజర్లు వచ్చారా, నంబర్లు అవేనా, ఫోల్డర్ల అనుమతులు కాగితం మీద ఉన్నట్టే ఉన్నాయా, మెయిల్ పాస్‌వర్డ్ నిలిచిందా, ఒక్కొక్కటీ చూసుకోవాలి. ఆ పని చేసేటప్పుడు పాత కంప్యూటర్‌ను బడి నెట్‌వర్క్‌కు తగిలించకూడదు. సెట్టింగులతోపాటు చిరునామా కూడా వచ్చేస్తుంది కదా, ఒకే చిరునామాతో రెండు పెట్టెలు లేస్తాయి, బడి కంప్యూటర్లు ఎటు పోవాలో తెలియక తికమకపడతాయి. రాత్రి నకలు పని కూడా అందులో ఉంటుంది, ఖాళీ పెట్టె నుంచి ఆళ్లగడ్డకు ఖాళీని పంపబోతుంది. అందుకని విడిగా ఒక చిన్న స్విచ్, ఒక ల్యాప్‌టాప్, అంతే.

ఈ పరీక్ష మొదటిసారి వచ్చే మే రెండో ఆదివారం, ఇక్కడే, కంప్యూటర్ గదిలో. ఆఫీసు సిబ్బందిలో ఇద్దరు, మన సంఘం నుంచి ఇద్దరు కావాలి. కీబోర్డు వాళ్ల చేతిలోనే ఉంటుంది, నేను పక్కన కుర్చీలో కూర్చుంటాను. కంప్యూటర్ సైన్స్ చదివి ఉండాల్సిన పని లేదు. గుమాస్తాగా రిటైరైన అన్నయ్య ఎవరైనా వస్తే ఇంకా మంచిది, వరసలు సరిచూసే ఓపిక వాళ్లకుంటుంది. ఒక పాత డెస్క్‌టాప్ మాత్రం లేదు. 64 బిట్‌ది, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నది, ఎవరి ఇంట్లోనైనా అటక మీద పడి ఉంటే దుమ్ము దులిపి తీసుకురండి. డిస్కులు నేను తెస్తాను.